చిన్న ఊరి ఎయిర్‌పోర్ట్‌ బాగుచేయాలంటే డబ్బు ఎక్కడుంది, ఎలా తెచ్చుకోవాలి

అమెరికాలో చిన్న ఊళ్లలో ఉండే ఎయిర్‌పోర్టులు చాలావరకు సిటీవో కౌంటీవో అయి ఉంటాయి. టవర్ ఉండదు, ఎయిర్‌లైన్స్ రావు, ఒక రన్‌వే, విమానాలు పెట్టుకునే షెడ్లు (హ్యాంగర్లు) ఒకటి రెండు వరసలు, ఒక ఫ్యూయల్ పంపు, అంతే. మేనేజర్ అన్నా చాలాచోట్ల సిటీలో ఇంకో నాలుగు పనులు చూసుకునే మనిషే. అలాంటి చోట ఎయిర్‌పోర్ట్ కమిటీలో కొత్తగా చేరినవాళ్ల కోసం, ఈ బాధ్యత హఠాత్తుగా నెత్తిన పడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేరిన మొదటి ఏడాది ప్రతి మీటింగులో "డబ్బుల్లేవు" అన్న మాటే వినేవాణ్ణి. తీరా చూస్తే డబ్బు ఉంది, అడగాల్సిన టైముకి మా కాగితాలే సిద్ధంగా లేవు.

కాబట్టి మొదట మీ ఎయిర్‌పోర్ట్ ఎన్‌పియాస్ జాబితాలో ఉందో లేదో చూడండి. ఎఫ్‌ఏఏ, అంటే విమానయానాన్ని చూసే ఫెడరల్ సంస్థ, తయారుచేసే జాతీయ జాబితా అది, సుమారు 3,300 ఎయిర్‌పోర్టులు ఉంటాయి. అందులో పేరు లేకపోతే ఫెడరల్ గ్రాంట్ మాట మర్చిపోయి నేరుగా రాష్ట్ర ఏవియేషన్ ఆఫీసు దగ్గరికి వెళ్లాలి. ఉంటే మాత్రం 1982 నుంచి నడుస్తున్న ఏఐపీ అనే గ్రాంట్ పథకానికి అర్హత ఉన్నట్టే. ఆ డబ్బు వచ్చేది విమాన టికెట్ల మీద, విమాన ఇంధనం మీద వేసే పన్నుల నుంచి. ఈ ఒక్క ముక్క కౌన్సిల్‌కి స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే "మా ఇంటి పన్నులతో పైలట్లకి రోడ్డు వేస్తారా" అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్ల ప్రశ్న న్యాయమైనదే, దానికి సరైన జవాబు మన దగ్గర ఉండాలి.

ఎయిర్‌లైన్ సర్వీసు లేని చిన్న ఎయిర్‌పోర్టుకి ఏఐపీలో ఏడాదికి గరిష్ఠంగా 1,50,000 డాలర్లు కేటాయిస్తారు. ఆ ఏడాదే ఖర్చుపెట్టక్కర్లేదు, ఇంకో మూడేళ్లు అట్టిపెట్టుకోవచ్చు, అంటే నాలుగేళ్లది కలిపితే 6,00,000 అవుతుంది, దాంతో ఒక మోస్తరు పని అవుతుంది. గడువు దాటితే ఆ ఏడాది వాటా పోతుంది. పోయేలా ఉంటే పక్క ఊరి ఎయిర్‌పోర్టుకి బదిలీ చేయొచ్చు, తర్వాత వాళ్లు మనకి చేసేలా మాట్లాడుకోవచ్చు. రన్‌వే మొత్తం కొత్తగా వేయడం లాంటి పెద్ద పనులకి ఇది చాలదు, రాష్ట్రం వాటా నుంచో, ఎఫ్‌ఏఏ విచక్షణ మీద ఇచ్చే నిధుల నుంచో అడగాలి, అక్కడ పోటీ ఎక్కువ. 2021 ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టం కింద 2022 నుంచి 2026 దాకా విడిగా ఇంకో కేటాయింపు కూడా ఉంది. మీ ఊరి వాటాలో ఎంత మిగిలి ఉందో, ఏ ఏడాదిది ఎప్పుడు గడువు తీరుతుందో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి.

మామూలుగా పనిలో 90 శాతం ఫెడరల్, 10 శాతం మనది. ఆ పదిలో సగం దాకా భరించే రాష్ట్రాలూ ఉన్నాయి. 2024 చట్టం 2025, 2026 ఆర్థిక సంవత్సరాలకి చిన్న ఎయిర్‌పోర్టుల ఫెడరల్ వాటాని 95 శాతం చేసింది. అయినా గుర్తుంచుకోండి, డబ్బు ముందే మన ఖాతాలో వచ్చి పడదు, చేసిన పనికి బిల్లులు పెట్టి రాబట్టుకోవాలి. ఈలోపు కాంట్రాక్టర్‌కి ఎవరు కడతారో సిటీ ఫైనాన్స్ వాళ్లతో ముందే కూర్చుని తేల్చుకోకపోతే పని మధ్యలో టెన్షన్ తప్పదు. ఇంకోటి, సామ్ అనే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఏడాదికోసారి రెన్యూ చేయాలి. ఆ లాగిన్ రిటైరై వెళ్లిపోయిన ఉద్యోగి పేరు మీద ఉండిపోయి, గ్రాంట్ సంతకాల వారంలో మేం పడ్డ హైరానా నాకింకా గుర్తుంది.

ఇక దేని మీద ఖర్చుపెట్టాలి అంటే, నా మట్టుకు నాకు మొదటి డాలర్ ఎప్పుడూ తారు మీదకే వెళ్లాలి. టెర్మినల్ బిల్డింగుకి రంగులు తర్వాత. తెల్లవారుజామున నోటామ్ (పైలట్లకి ఇచ్చే అధికారిక హెచ్చరిక) ఇచ్చి రన్‌వే మూసి, ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా నడవండి. కారులోంచి చూస్తే కనపడనివన్నీ నడిస్తే కనపడతాయి. పెన్సిల్ దూరేంత పగులు, అందులోంచి పచ్చగా పైకి లేచిన గడ్డి, ఆ అంచున చేత్తో తీస్తే ఊడి వచ్చే రాళ్లు. ఆ రాయే రేపు ఎవరిదో ప్రొపెల్లర్‌ని కొడుతుంది. పగుల్లోంచి దిగిన నీళ్లు కింద మట్టిని మెత్తబరుస్తాయి, చలికాలంలో గడ్డకట్టి పగులును ఇంకా తెరుస్తాయి, నాలుగైదేళ్లలో పైపూతతో పోయే పని తవ్వి మళ్లీ వేసే పనిగా మారుతుంది. అప్పుడే పగుళ్లు నింపి సీల్ చేస్తే అయ్యే ఖర్చుకీ, తర్వాత తవ్వి వేయడానికయ్యే ఖర్చుకీ పోలికే లేదు. పైగా ఇది మన ఇష్టం మీద ఆధారపడింది కూడా కాదు, 1995 తర్వాత పేవ్‌మెంట్ పనులకి గ్రాంట్ తీసుకున్న ఎయిర్‌పోర్టు మెయింటెనెన్స్ కార్యక్రమం నడిపి తీరాలి. నెలకోసారి బండిలో ఓ చుట్టు తిరిగి చూడటం, ఏడాదికోసారి వివరంగా పరీక్షించడం, తేదీతో సహా రాసిపెట్టడం. ఫోటోలు తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి తీయండి, కౌన్సిల్‌లో పది నిమిషాల ఉపన్యాసం కన్నా ఆ ఒక్క ఫోటో బాగా పనిచేస్తుంది.

రన్‌వే పొడిగించాలని చాలా ఊళ్లకి ఆశ ఉంటుంది. ఎఫ్‌ఏఏ అడిగేది ఒకటే, ఆ పొడవు అవసరమైన విమానాలు ఏడాదికి కనీసం 500 సార్లు దిగడం, ఎగరడం చేస్తున్నాయా? దిగితే ఒకటి, ఎగిరితే ఒకటి, అంటే 250 రాకపోకలు, టచ్ అండ్ గోలు (దిగి ఆగకుండా వెంటనే మళ్లీ ఎగరడం) లెక్కలోకి రావు. "బోలెడు జెట్లు వస్తాయి" అంటే ఒప్పుకోరు. వాడే కంపెనీల దగ్గర ఉత్తరాలు తీసుకోండి, ఏ విమానం, ఏడాదికి ఎన్నిసార్లు, ఎండాకాలంలో రన్‌వే చాలక ఎంత ఇంధనం తగ్గించుకుని ఎగరాల్సి వస్తోంది, ఇవన్నీ అందులో ఉండాలి.

ఏ పనైనా ముందు ఎయిర్‌పోర్ట్ లేఅవుట్ ప్లాన్‌లో, అంటే ఇప్పుడున్నవీ ముందు కట్టబోయేవీ చూపించే మ్యాపులో, ఉండాలి, తర్వాత ఐదేళ్ల పనుల జాబితాలోకి ఎక్కాలి. ఇవాళ ఆలోచన వస్తే తారు పడేది మూడేళ్లకి అనుకోండి. ఒక ఏడాది పర్యావరణ కాగితాలు, ఒక ఏడాది డిజైన్, తర్వాత నిర్మాణం. ఇంజినీరింగ్ కన్సల్టెంట్‌ని అర్హతలు చూసే ఎంచుకోవాలి, ఎంచుకున్నాకే ఫీజు మాట్లాడాలి, తక్కువ కోట్ చేసినవాళ్లని తీసుకుందాం అని కౌన్సిల్ అంటే అది ఫెడరల్ నిబంధన ఒప్పుకోదని మెత్తగా చెప్పండి. గ్రాంట్ మొత్తం సాధారణంగా అసలు బిడ్లని బట్టే నిర్ణయమవుతుంది కాబట్టి టెండర్లు ముందే తెరిచి ఉండాలి.

గ్రాంట్ సంతకం పెట్టేముందు షరతులు పూర్తిగా చదవండి. నిర్మాణ పనులకైతే అవి 20 ఏళ్ల దాకా ఉంటాయి, గ్రాంటుతో భూమి కొంటే శాశ్వతం. ఎయిర్‌పోర్ట్ ఆదాయం ఎయిర్‌పోర్ట్ మీదే ఖర్చవ్వాలి, సిటీ పార్కులకో పోలీసు కార్లకో మళ్లించకూడదు. షికాగోలో మెగ్స్ ఫీల్డ్ అనే ఎయిర్‌పోర్ట్ రన్‌వేని సిటీవాళ్లే 2003 మార్చిలో రాత్రికి రాత్రి బుల్‌డోజర్లతో తవ్వేశారు, తర్వాత ఆ సిటీ 33,000 డాలర్ల జరిమానాతో పాటు ఆ పనికి వాడిన పది లక్షల డాలర్ల ఎయిర్‌పోర్ట్ నిధుల్ని తిరిగి కట్టాల్సి వచ్చింది.

మన వాటా డబ్బు మాత్రం మనమే సంపాదించుకోవాలి. హ్యాంగర్ కోసం వెయిటింగ్ లిస్టులో ఇరవై మంది ఉండి, అద్దె పదిహేనేళ్ల కిందటిదే నడుస్తోందంటే అక్కడ తప్పు మనదే. చుట్టుపక్కల నాలుగు ఎయిర్‌పోర్టుల రేట్లు కనుక్కుని, ధరల సూచీతో పాటు ఏటా అద్దె పెరిగే షరతు కొత్త లీజుల్లో పెట్టండి. పాత అద్దెదారులు నొచ్చుకుంటారు, వాళ్లతో ఎదురుగా కూర్చుని ఆ డబ్బు ఏ పగులు పూడ్చడానికి వెళ్తుందో చూపించండి. హ్యాంగర్‌లో విమానం బదులు పడవలు, పాత ఫర్నిచర్ పెట్టుకున్నవాళ్లని ఖాళీ చేయించండి, అది షరతుల ఉల్లంఘన కూడా. ఫ్యూయల్ మీద గ్యాలన్‌కి కొంత ఫీజు, ఖాళీ స్థలం గడ్డి కోతకి లీజు, ఇవీ కలుస్తాయి. కొత్త హ్యాంగర్లకి, ఫ్యూయల్ ట్యాంకులకి కూడా గ్రాంట్ వాడొచ్చు, కానీ రన్‌వే, టాక్సీవే (విమానాలు రన్‌వేకి వెళ్లొచ్చే దారి) అవసరాలు తీరాకే.

పని మొదలయ్యేముందు అద్దెదారులందరికీ తేదీలు చెప్పండి, ఒకసారి కాదు, మూడుసార్లు. టాక్సీవే తవ్వితే వెనక హ్యాంగర్లలో ఉన్న విమానాలు వారాల తరబడి బయటికి రాలేవు, అందుకే ముందురోజే వాటిని ర్యాంప్ (విమానాలు నిలిపే ఆరుబయటి స్థలం) మీదకి తెచ్చి కట్టించాలి. అంబులెన్స్ హెలికాప్టర్ వాళ్లకి విడిగా ఫోన్ చేయండి. పని అయ్యాక గ్రాంట్ ముగించే క్లోజౌట్ కాగితాలు ఆలస్యం చేయకండి, ఆఖరి బిల్లు అక్కడే ఇరుక్కుంటుంది.