మన వివరాలు ఆఫీసుకిచ్చాక తేడా కొడితే: బెంగళూరు తెలుగువాళ్ల కోసం సమస్య - కారణం - పరిష్కారం

మేముండే మున్నేకొళాల వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. సర్వేవాళ్లు వచ్చినా, ఖాతా (ఇల్లో స్థలమో ఎవరిదో చూపే పన్ను రికార్డు, బ్యాంకు ఖాతా కాదు) పని పడినా, వేలు చూపించిన చోట సంతకం పెట్టేస్తాం. ఊరు మనది కాదన్న జంకు ఒకటి, కాగితం కన్నడలో ఉండటం ఒకటి. నిజానికి కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటే మనకూ అందుతాయి. కాగితంలో "ఒప్పిగె" అన్న మాట వెతకండి. అంటే ఒప్పుకోలు. దాని చుట్టూ ఉన్న రెండు వాక్యాలు ఎవరిచేతైనా చదివించుకున్నాకే సంతకం పెట్టండి. వివరాలు ఒక పని కోసం ఇస్తున్నాం. ఆ పని దాటి ఎక్కడికి వెళ్లినా అడిగే హక్కు అద్దెకున్నవాళ్లకూ ఉంది.

సమస్య: గుమ్మంలో ఎవరో నిలబడి ఆధార్, ఓటరు కార్డు, కులం, ఫోను నంబరు అడుగుతున్నారు

కారణం: వచ్చింది అసలు సర్వే కావచ్చు, సర్వే పేరు వాడుకునేవాళ్లూ కావచ్చు. 2022 నవంబరులో ఈ ఊళ్లోనే పెద్ద గొడవైంది. ఓటర్లలో అవగాహన పెంచుతామని బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) అనుమతి తీసుకున్న ఒక సంస్థ, ఓటర్ల జాబితా పని చూసే బూత్ స్థాయి అధికారులమని చెప్పుకుని ఇంటింటా ఓటర్ల వివరాలు సేకరించిందని ఆరోపణలొచ్చాయి. అనుమతి రద్దయింది, అరెస్టులూ జరిగాయి.

పరిష్కారం: మెడలో కార్డు ఉంటే సరిపోదు. ఏ శాఖ, ఏ ఉత్తర్వు, చెప్పడం తప్పనిసరా కాదా అని మూడూ అడగండి. 2025లో కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషన్ చేసిన సర్వే విషయంలో హైకోర్టు సెప్టెంబరు 25న తేల్చి చెప్పింది: పాల్గొనడం ఇష్టాన్ని బట్టే, ఆ సంగతి జనానికి ముందే చెప్పాలి, సేకరించిన వివరాలు గోప్యంగా ఉంచాలి. ఇష్టం లేని ప్రశ్నకు "చెప్పనండీ" అనడం అమర్యాద కాదు.

సమస్య: ఖాతా పని మొదలుపెట్టగానే బ్రోకర్ల ఫోన్లు

కారణం ఒకటే అని చెప్పలేం. జిరాక్సు షాపులో మిగిలిన కాపీ కావచ్చు, మధ్యవర్తి వాట్సాప్‌లో ఉండిపోయిన ఫొటో కావచ్చు. 2024 అక్టోబరులో ఈ-ఖాతా (ఆన్‌లైన్ ఖాతా) ముసాయిదాలను వార్డులవారీగా ఆన్‌లైన్‌లో పెట్టారు. తప్పులు యజమానే చూసుకోవాలన్నది మంచి ఉద్దేశమే. కానీ యజమాని చూసుకోవడం వేరు, ఊరంతా చూడటం వేరు.

పరిష్కారం: ఈ-కేవైసీ (ఆధార్‌తో ఆన్‌లైన్‌లో గుర్తింపు సరిచూడటం) అవసరమైన చోట వేలిముద్రో ఓటీపీయో ఇవ్వక తప్పదు. కాపీ మాత్రమే అడిగితే చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. దానిమీద అడ్డంగా "ఖాతా దరఖాస్తుకు మాత్రమే" అని తేదీతో రాయండి. ఫొటోలు మధ్యవర్తికి పంపకుండా మీరే అప్‌లోడ్ చేయండి. లేదా బెంగళూరు వన్ కేంద్రంలో మీ కళ్ల ముందే చేయించుకోండి. మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో గత 6 నెలల చరిత్ర ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో కనిపిస్తుంది. మీకు తెలియని వాడకం ఉంటే ఆధార్ సహాయ నంబరు 1947కు, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కు ఫోను చేయండి.

సమస్య: పేరు కుదరడం లేదు

ఇంటిపేరు ముందుండే మన పద్ధతికీ, ఇక్కడి పొడి అక్షరాల పద్ధతికీ పొత్తు కుదరదు. దస్తావేజులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. దరఖాస్తు పెట్టకముందే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కన్నడంలో పేరు ఎలా ఎక్కిందో కూడా చదవండి.

సమస్య: మీ పేరూ చిరునామా ఉన్న జాబితా గ్రూపుల్లో తిరుగుతోంది

ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. 2020 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చిరునామాలను జిల్లాలవారీగా బయటపెట్టింది. ఇంటి నంబరుతో సహా. రోగం సోకనివాళ్ల తలుపులవైపు కూడా వీధి అనుమానంగా చూసింది.

కారణం: జనం మేలు కోసం అన్న మాట చాలనుకోవడం. అది చాలదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24నే చెప్పింది. తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, తీసుకున్న చర్య ఆ అవసరానికి మించకూడదు. ఆ కేసు వేసింది బెంగళూరులో ఉండిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఈ ఊరి ఆఫీసులకు ఆ మాట మరీ గుర్తుండాలి.

పరిష్కారం: స్క్రీన్‌షాట్, లింకు, తేదీ దాచుకోండి. జాబితా పెట్టిన శాఖకు తొలగించమని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీరు మాత్రం దాన్ని ఫార్వర్డ్ చేయకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలొచ్చాయి. పౌరుల హక్కుల భాగం మాత్రం 18 నెలల తర్వాత, 2027 మేలో అమలుకు వస్తుంది. అందాకా దీన్ని మీ ఫిర్యాదుకు ఏకైక ఆధారం చేసుకోవద్దు.

సమస్య: సమాచార హక్కు కింద అడిగితే "వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం" అని జవాబొచ్చింది

మా పక్కింటి అక్కది మదనపల్లె. వార్డులో ఇంటింటా తీసుకున్న ఫోను నంబర్లు ఎవరి దగ్గరున్నాయని ఒక ఆఫీసుకు రాస్తే ఇదే జవాబు. ఆమె అడిగింది ఎవరి నంబరో కాదు. నంబర్లన్నీ ఎవరి చేతిలో ఉన్నాయని.

కారణం: డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. మునుపు ఆ సెక్షన్‌లోనే ఉన్న ప్రజాప్రయోజనం మాట ఇప్పుడు లేదు. నివాసి గోప్యత కోసం ఉండాల్సిన తెర ఆఫీసు పనికి కప్పడం అన్యాయమని నా గట్టి నమ్మకం. అయినా దారులున్నాయి. ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చనే 8(2) అలాగే ఉంది. దాచాల్సింది తీసేసి మిగతాది ఇవ్వాలనే 10వ సెక్షనూ ఉంది.

పరిష్కారం: మనుషుల గురించి అడగకండి, ఆఫీసు చేసిన పని గురించి అడగండి. కర్ణాటక నియమాల ప్రకారం దరఖాస్తు 150 మాటల లోపు, ఒకే విషయం మీద ఉండాలి. ఫీజు 10 రూపాయలు. కన్నడంలోనో ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. రాయలేనివాళ్లు నోటితో చెబితే అధికారే రాసుకునేందుకు సాయం చేయాలి. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లున్నాయి. మా వీధి ఉన్న మహదేవపుర ప్రాంతం తూర్పు కార్పొరేషన్‌లోకి వచ్చింది. తప్పు చోట ఇచ్చినా 5 రోజుల్లో సరైన చోటికి పంపడం వాళ్ల బాధ్యత. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. ఆ పైన 90 రోజుల్లోగా కర్ణాటక సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.

అక్క రెండోసారి పెట్టిన దరఖాస్తు సారాంశం ఇది, మీరూ వాడుకోండి: "మా వార్డులో ఇంటింటా వివరాలు సేకరించడానికి ఇచ్చిన ఉత్తర్వు నకలు, ఆ పని అప్పగించిన సంస్థతో చేసుకున్న ఒప్పందం నకలు, వివరాలను ఎవరెవరితో పంచుకున్నారో ఆయా శాఖల, సంస్థల పేర్లు, వాటిని తొలగించే గడువు తెలిపే పత్రం ఇవ్వండి. ఏ వ్యక్తి పేరూ, నంబరూ నాకు అక్కర్లేదు. అలాంటివి ఉంటే 10వ సెక్షన్ ప్రకారం తీసేసి మిగతాది ఇవ్వండి."