నైలాన్ దారం ముందే తెగిపోయిందా? ఎనిమిదో తరగతి ప్రయోగాల్లో తప్పు ఎక్కడ జరుగుతుంది

బలం, ఘర్షణ, సింథటిక్ దారాలు. ఈ పాఠాల్లోని ప్రయోగాలకు ఖరీదైన సామాను అక్కర్లేదు. అయినా చాలామందికి పుస్తకంలో చెప్పిన ఫలితం రాదు. అప్పుడు టెన్షన్ పడి, పక్కవాళ్ల రికార్డు చూసి అంకెలు ఎక్కించేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఫలితం తేడా వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది. దాన్ని వెతికి రికార్డులో రాసిన పిల్లలకే నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

సమస్య: నైలాన్ గట్టిది అన్నారు, కానీ నూలు దారమే ఎక్కువ బరువు మోసింది

ఎక్కువ మంది అడిగేది ఇదే. ముందు మందం చూడండి. పువ్వులు కట్టే నూలు దారాన్ని సన్నటి గాలం దారంతో పోల్చితే అది సరైన పోటీ కాదు. మందం రెండింతలైతే అడ్డుకోత వైశాల్యం నాలుగింతలవుతుంది, మోసే బరువూ దాదాపు అంతే పెరుగుతుంది. కంటితో చూసి మందం చెప్పలేం. దారాన్ని పెన్సిల్‌కు 20 చుట్లు, ఒకదాని పక్కన ఒకటి ఆనేలా చుట్టి, ఆ వెడల్పును స్కేలుతో కొలిచి 20తో భాగించండి. రెండు దారాలకూ దగ్గర దగ్గర విలువ వస్తేనే ప్రయోగం మొదలుపెట్టండి.

మందం సరిపోయినా నైలాన్ ఓడిపోతే, తెగిన చోటు చూడండి. ముడి దగ్గరే తెగిందా? ముడిలో దారం బాగా వంగుతుంది, లాగే బలం అంతటా సమానంగా పడదు. అంటే మీరు కొలిచింది దారం బలం కాదు, ముడి బలం. ఒక్కోసారి నైలాన్ తెగదు, నున్నగా ఉంటుంది కాబట్టి ముడి జారి ఊడిపోతుంది. దాన్ని తెగినట్టు రాయకూడదు. రెండింటికీ మందు ఒకటే: దారాన్ని పైనా కిందా పెన్సిల్‌కు ఐదారు చుట్లు తిప్పి, ఆ తర్వాత ముడి వేయండి. చుట్ల దగ్గర ఘర్షణే చాలావరకు లాగుడును ఆపుతుంది, ముడి మీద భారం తగ్గుతుంది. ఘర్షణ పాఠం, దారాల పాఠం ఇక్కడ కలుస్తాయి. నాకు ఈ ప్రయోగం మీద ఇష్టం అందుకే.

బరువులు ఎలా వేస్తున్నారో కూడా గమనించండి. రాయిని పై నుంచి వదిలితే ఆ కుదుపుకు, దాని బరువు కంటే చాలా ఎక్కువ బలం దారం మీద పడుతుంది. సీసా వేలాడదీసి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. 100 మి.లీ. నీళ్లంటే 100 గ్రాములు, అంటే దాదాపు 1 న్యూటన్ బలం. లెక్కలో సీసా బరువునూ కలపాలి. దారాలు తడవకుండా చూసుకోండి. తడిస్తే నూలు ఇంకాస్త గట్టిపడుతుంది, నైలాన్ కొంత బలం కోల్పోతుంది.

సమస్య: ఇటుకను లాగుతుంటే స్ప్రింగ్ త్రాసు ఒక్కోసారి ఒక్కో రీడింగ్ చూపిస్తోంది

కదలబోయే క్షణంలో ఎక్కువ చూపించి, కదిలాక తగ్గితే అది తప్పు కాదు. మొదటిది స్థైతిక ఘర్షణ గరిష్ఠ విలువ, రెండోది జారుడు ఘర్షణ. రెండు గడులు గీసి విడివిడిగా రాసుకోండి. కదిలాక కూడా ముల్లు ఊగుతుంటే మీరు సమాన వేగంతో లాగడం లేదు. వేగం మారకపోతేనే ఫలిత బలం సున్నా, అప్పుడే త్రాసు రీడింగ్ ఘర్షణకు సమానం.

తాడు పైకి వాలి ఉంటే ఇటుకను కొంత ఎత్తుతున్నట్టే, నేల మీద ఒత్తిడి తగ్గి ఘర్షణా తగ్గుతుంది. తాడు నేలకు సమాంతరంగా ఉండాలి. త్రాసును పడుకోబెట్టి ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో ముందే సరిచూడండి. నిలబెట్టినప్పటి సున్నా ఇక్కడ పనికిరాదు.

సమస్య: నూలు గుడ్డ నీళ్లు పీల్చడం లేదు

కొత్త గుడ్డ తెచ్చారా? దాని మీద గంజి, మిల్లు పూతలు ఉంటాయి. వేడినీళ్లలో సబ్బుతో రెండుసార్లు ఉతికి ఆరబెట్టి చూడండి. పాలిస్టర్ బాగా పీల్చినట్టు కనిపిస్తే, ఆ నీళ్లు దారాల సందుల్లో ఉన్నవి. రెండు గుడ్డలనూ ఒకేలా పిండి, అప్పుడు తూకం వేయండి.

సమస్య: కాల్చి చూస్తే గుడ్డ కొంత బూడిదైంది, కొంత గట్టి ఉండ కట్టింది

అది టెరికాట్ అయ్యుండొచ్చు, అంటే పాలిస్టర్, నూలు కలిపి నేసింది. నూలు కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి ఉండ కడుతుంది. అంచు నుంచి ఒక్కో పోగు లాగి చూడండి. పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల పళ్లెం పెట్టి, టీచర్ పక్కన ఉన్నప్పుడే చేయండి. కరిగిన చుక్క చర్మానికి అంటుకుంటే తీయడం కష్టం, లోతుగా కాలుతుంది. ఆ రోజు సింథటిక్ బట్టలు వేసుకుని పొయ్యి దగ్గరికి రావద్దు.

సమస్య: పాలిస్టర్ గుడ్డతో రుద్దిన స్కేలు కాగితం ముక్కలను లాగడం లేదు

వానాకాలమైతే కారణం గాలిలో తేమ. దాని వల్ల స్కేలు మీద చేరిన విద్యుత్ ఆవేశం త్వరగా పోతుంది. స్కేలును, గుడ్డను ఎండలో బాగా ఆరనిచ్చి మళ్లీ రుద్దండి. అయినా కుదరకపోతే ఈ ఒక్క ప్రయోగాన్ని చలికాలం దాకా ఆపండి.