లైబ్రరీ కొత్త వెర్షన్ పెట్టినా పాత ప్రోగ్రాములు చెడిపోకుండా ఉండాలంటే

మా ఒంగోలు పక్కన చీమకుర్తిలో గ్రానైట్ లారీలు తూచే కాటా కోసం సీ భాషలో ఒక లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడు) రాశాను, సీరియల్ పోర్టులో ఇండికేటర్ నుంచి బరువు చదివి ఇస్తది అంతే. బిల్లింగ్ ప్రోగ్రాము వేరేవాళ్లది, దాని సోర్సు నా దగ్గర లేదు. ఆ వివరాలు అందించే స్ట్రక్చర్లో (కొన్ని విలువల్ని వరసగా కలిపి పెట్టే మూట) మూడే ఫీల్డులు, బండి నంబరు 12 బైట్లు, మొత్తం బరువు 4, ఖాళీ బండి బరువు 4. ఒకసారి ఇరుసులు ఎన్నో కూడా కావాలన్నారు, నేను ఆ ఫీల్డుని బండి నంబరు కిందే పెట్టేసి ఎస్‌ఓ ఫైలు (లినక్స్‌లో కంపైల్ అయిన లైబ్రరీ) మార్చి వచ్చా. తెల్లారే ఫోను, "అన్నా, 28 టన్నుల లారీ ఎక్కిస్తే 3 కిలోలు చూపిస్తందేంది?"

ఆ 3 బరువు కాదు, ఇరుసులు. పాత ప్రోగ్రాము కంపైల్ అయిన రోజే "బరువు 12వ బైటు దగ్గర ఉంటది" అనేది దాంట్లో నాటుకుపోయింది, నేను హెడర్ (స్ట్రక్చర్లు, ఫంక్షన్ల వివరాలు రాసే ఫైలు) మార్చిన సంగతి దానికెట్టా తెలుస్తది? పైగా అది 20 బైట్లే కేటాయించింది, నా లైబ్రరీ 24 రాసింది, మిగతా 4 బైట్లు పక్కనున్న మెమరీ మీద పడ్డాయి. ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా రాలా, అదే భయం. మళ్లీ కంపైల్ చేస్తే అంతా బాగానే ఉంటది, కాబట్టి మన మిషన్లో ఈ తప్పు కనపడనే కనపడదు.

అందుకని మొదట చెయ్యాల్సింది, స్ట్రక్చర్ లోపలి సంగతి హెడర్లో పెట్టొద్దు. పేరు మాత్రం చెప్పి పాయింటర్ (అది ఉన్న మెమరీ అడ్రసు) ఇవ్వండి, తయారు చెయ్యటం, వదిలెయ్యటం, ఒక్కో ఫీల్డు చదవటం అన్నీ ఫంక్షన్లతోనే, అప్పుడు లోపల ఏం మార్చినా వాళ్లకి తగలదు. సీ ప్లస్ ప్లస్‌లో క్యూటీ అనే లైబ్రరీ వాళ్లు డీ-పాయింటర్ అని చేసేది ఇదే. స్ట్రక్చర్ బయట పెట్టక తప్పదంటే మొదటి ఫీల్డుగా సైజు పెట్టుకోండి, విండోస్‌లో చాలా స్ట్రక్చర్లకి ఇట్టాగే ఉంటది, కొత్త ఫీల్డులు చివరే చేర్చి ఆ సైజు చూసి అంతవరకే రాయండి.

ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు మార్చొద్దు, కొత్త పేరుతో ఇంకోటి రాసి పాతది అట్టాగే ఉంచండి. సీలో సింబల్ (లోడయ్యేటప్పుడు ఫంక్షన్‌ని వెతుక్కునే గుర్తు) పేరులో ఆర్గ్యుమెంట్ల టైపులు ఉండవు, పాత ప్రోగ్రాము హాయిగా లోడ్ అయ్యి చెత్త విలువలు పంపిస్తది. ఈనమ్‌లో (నంబర్లకి పేర్లు పెట్టే జాబితా) కొత్త విలువ మధ్యలో దూరిస్తే వెనకవాటి నంబర్లన్నీ జరుగుతాయి. సీ ప్లస్ ప్లస్‌లో వర్చువల్ ఫంక్షన్ మధ్యలో పెడితే వీటేబుల్ (ఆ ఫంక్షన్ల అడ్రసుల పట్టిక) వరస మారి ఒకటి పిలిస్తే ఇంకోటి పలుకుతది. స్ట్రింగు, వెక్టరు లాంటివి లైబ్రరీ గడప దాటించొద్దు, 2015లో జీసీసీ కంపైలర్ 5వ వెర్షన్ వచ్చినప్పుడు స్ట్రింగు లోపలి అమరికే మారింది, పాతదీ కొత్తదీ కలిపి లింకు చెయ్యబోయి ఎంతమంది ఇబ్బంది పడ్డారో.

తప్పనిసరై మార్చాల్సొస్తే సోనేమ్ (ఎస్‌ఓ ఫైల్లో రాసి ఉండే పేరు) చివరి నంబరు పెంచండి, ఒకటి కాస్తా రెండు అయితే పాత ప్రోగ్రాము పాత ఫైలునే వెతుక్కుంటది, రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. ఊరికే పెంచుకుంటా పోవద్దు మాత్రం. లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీని చూడండి, 1997 నుంచి లిబ్‌సీ డాట్ ఎస్‌ఓ డాట్ 6 అనే పేరే నడుస్తంది. వాళ్లు సింబల్ వెర్షనింగ్ వాడతారు, అంటే ఒకే ఫంక్షన్ పాతదీ కొత్తదీ వేరే వేరే వెర్షన్ గుర్తులతో ఉంచుతారు, 2011లో 2.14 వెర్షన్‌తో మెమ్‌కాపీకి (మెమరీ కాపీ చేసే ఫంక్షన్) కొత్త వెర్షన్ వచ్చినా అంతకుముందు 64 బిట్ ఇంటెల్ మీద లింకైన ప్రోగ్రాములకి 2.2.5 అని గుర్తున్న పాతదే దొరుకుతది.

బయటికి కనపడాల్సిన ఫంక్షన్లు తప్ప మిగతావన్నీ హిడెన్ విజిబిలిటీ అనే కంపైలర్ సెట్టింగుతో దాచెయ్యండి, కనపడింది ఎవడో ఒకడు వాడేస్తాడు, ఇక దాన్ని తియ్యలేరు.

రిలీజుకి ముందు పాత ఎస్‌ఓ, కొత్త ఎస్‌ఓ రెండూ డీబగ్ సమాచారంతో బిల్డ్ చేసి ఏబీఐడిఫ్ అనే టూలుకి ఇవ్వండి, ఏ ఫీల్డు ఎన్ని బిట్లు జరిగిందో అదే చెప్తది, నాకప్పుడు ఇది తెలిసుంటే ఆ లారీ గొడవే ఉండేది కాదు. దాంతో ఆగొద్దు, మొదటి వెర్షన్ రోజు కంపైల్ చేసిన టెస్ట్ ప్రోగ్రాముని దాచిపెట్టుకుని, మళ్లీ కంపైల్ చెయ్యకుండా, కొత్త ఎస్‌ఓ మీద ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీని ఏ ఫోల్డర్లో వెతకాలో చెప్పే సెట్టింగు) పెట్టి నడపండి. నా దగ్గర ఆ పాత బైనరీలు వెర్షనుకొకటి చొప్పున ఒక ఫోల్డర్లో ఉంటాయి, అన్నిట్లో బరువు సరిగ్గా వచ్చాకే చీమకుర్తి బస్సెక్కుతా.