టీంలోకి వైకల్యం ఉన్న ఉద్యోగి వస్తున్నారా? ముందు పని ఎక్కడ ఆగుతుందో చూడండి

నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే దాంతో పని చేస్తాను, ఒక డేటా టీంని నడుపుతాను. టీంలో పుట్టుకతోనే వినపడని ఒకామె ఉంది. ఆటిజం ఉన్న ఒకతను ఉన్నాడు. తనకు ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలపడం కష్టమయ్యే స్థితి) అని అందరికీ తనే చెప్పుకున్న ఇంకొకతను ఉన్నాడు. మిగతావాళ్ళకు ఇలాంటివేవీ లేవని అనుకుంటాం. అందులో ఎంత నిజమో నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే సుమారు 130 కోట్ల మంది. వాళ్ళందరూ చక్రాల కుర్చీలోనో, చేతికర్రతోనో కనిపించరు.

"మా టీంలోకి బ్లైండ్ క్యాండిడేట్ వస్తున్నాడు, ఏం చెయ్యాలి?" అని వేరే మేనేజర్లు టెన్షన్‌గా ఫోన్ చేస్తుంటారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఏం అడగాలి

వైకల్యం పేరు తెలిస్తే చాలు, ఏం ఏర్పాట్లు చెయ్యాలో తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. తెలియదు. చూపు లేనివాళ్ళలో బ్రెయిలీ గడగడా చదివేవాళ్ళున్నారు, అసలు నేర్చుకోనివాళ్ళున్నారు, కాస్త చూపు మిగిలి ఉండి అక్షరాలు పెద్దవి చేస్తే చాలనేవాళ్ళూ ఉన్నారు. ఇక ఆటిజం ఉన్నవాళ్ళందరికీ లెక్కలు బ్రహ్మాండంగా వస్తాయనుకోవడం సినిమాల పుణ్యం.

కాబట్టి వచ్చినవాళ్ళతో కూర్చుని ఒక రోజు పనిని మొదటి నుంచి చివరి దాకా చేసి చూడండి. లాగిన్ ఎలా అవుతారు, ఫైల్ ఎక్కడి నుంచి వస్తుంది, సందేహం వస్తే ఎవరిని అడగాలి, అయిపోయాక ఎవరికి పంపాలి. ప్రతి దగ్గరా ఒకటే అడగండి: "ఇక్కడ మీకు ఏం అడ్డం వస్తోంది? ఏం మారిస్తే పని ముందుకెళ్తుంది?" నన్నడిగితే జవాబు వెంటనే చెప్తాను. బొమ్మలో అక్షరాలు గుర్తుపట్టమనే క్యాప్చా, స్కాన్ చేసిన పీడీఎఫ్, గడులు కలిపేసిన ఎక్సెల్ షీట్. ఈ మూడూ తీసేస్తే నా వైకల్యంలో ఆఫీసుకు సంబంధించిన భాగం చాలావరకు పోతుంది.

చిన్న చిన్న ఏర్పాట్లకు డాక్టర్ సర్టిఫికెట్ అడగకండి. హెడ్‌ఫోన్లు పెట్టుకోవడానికీ, మీటింగ్ అజెండా ముందుగా తెలుసుకోవడానికీ సర్టిఫికెట్ ఎందుకు? ఆటిజం, ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక గానీ బయటపడనివాళ్ళు చాలామంది. నమ్మి మీకు చెప్పుకున్న మాట మీ దగ్గరే ఉండాలి. "ఈయనకు ఏ పనైనా రాసి ఇవ్వండి" అన్నంత వరకు టీంకి చెప్తే చాలు. ఎందుకో చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం.

ఇంటర్వ్యూ

చాలామంది ఇక్కడే వెనక్కి వెళ్ళిపోతారు, పని రాక కాదు. కళ్ళలోకి చూసి మాట్లాడటం, గబుక్కున జవాబు చెప్పడం, నవ్వుతూ కబుర్లు కలపడం, వీటికి మనం తెలియకుండానే మార్కులు వేస్తాం. మీరు ఇవ్వబోయే ఉద్యోగంలో వీటి అవసరం ఎంత? అమ్మకాల ఉద్యోగమైతే ఆలోచించాలి. డేటా సరిచూసే ఉద్యోగానికి అవసరమే లేదు. నేనైతే ఎదుటివాళ్ళు ఎటు చూస్తున్నారో తెలియకుండానే మనుషుల్ని ఎంచుకుంటున్నాను, ఆ లోటు ఎప్పుడూ కనపడలేదు.

ఆటిజం ఉన్నవాళ్ళను ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి 2004లో డెన్మార్క్‌లో స్పెషలిస్టర్న్ అనే సంస్థ మొదలైంది. ముఖాముఖి ప్రశ్నలకు బదులు పని చేయించి చూడటం వాళ్ళ పద్ధతి. సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్ 2013లో వాళ్ళతో కలిసే తన కార్యక్రమం మొదలుపెట్టింది. అంత పెద్ద కార్యక్రమం మీకు అక్కర్లేదు. అసలు పనిలోంచి ఒక చిన్న ముక్క ఇచ్చి చేయమనండి. ప్రశ్నలు ముందురోజే పంపండి. గదిలో ఎవరెవరు ఉంటారు, ఎంతసేపు పడుతుంది అన్నది రాయండి. ఇదంతా అభ్యర్థులందరికీ ఒకేలా చెయ్యండి, అప్పుడు ఎవరూ తమ సంగతి బయటపెట్టి బతిమాలుకోవాల్సిన అవసరం ఉండదు.

పిలుపు మెయిల్‌లో "ఏదైనా ఏర్పాటు కావాలా?" అని వదిలేస్తే ఎవరూ ఏమీ అడగరు. ఉదాహరణలు ఇవ్వండి: సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్, అదనపు సమయం, మెట్లు లేని దారి, స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్. పేర్లు కనిపిస్తే అడగడానికి ధైర్యం వస్తుంది.

ఫైళ్ళు, తెరలు

స్క్రీన్ రీడర్ అనగానే ఖర్చు గుర్తొస్తుంది. జాస్ అనే స్క్రీన్ రీడర్‌కి డబ్బు కట్టాలి. ఎన్‌వీడీఏ అనేది ఉచితం, 2006లో చూపు లేని ఒక ఆస్ట్రేలియా కుర్రాడు మొదలుపెడితే, చూపు లేని అతని స్నేహితుడు తోడయ్యాడు. ఆపిల్, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇలాంటివి ముందే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ దొరకడం తేలిక, మీరు పంపే ఫైల్ దానికి అర్థమయ్యేలా ఉండటమే కష్టం. స్కాన్ చేసిన పేజీ స్క్రీన్ రీడర్‌కి ఒట్టి బొమ్మ. అక్షరాలను గుర్తించే ఓసీఆర్ నడిపి పంపండి, ఇంకా మంచిది అసలు ఫైలే పంపండి. శీర్షికకు అక్షరాలు లావు చేసి ఊరుకోకుండా హెడింగ్ స్టైల్ పెట్టండి, నేను హెడింగ్ నుంచి హెడింగ్‌కి దూకుతూ చదువుతాను. బొమ్మ కింద అందులో ఏముందో ఒక వాక్యం రాయండి. "ఎర్ర గడులు చూడండి" అనకండి. నాకే కాదు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు మీరనుకున్నదానికంటే ఎక్కువ. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణం డబ్ల్యూసీఏజీ చెప్తుంది. కొలిచే ఉచిత పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు మౌస్ పక్కన పెట్టి, కీబోర్డ్‌తో మాత్రమే ఒక పని పూర్తి చేసి చూడమని అమ్మేవాళ్ళనే అడగండి. అప్పటిదాకా గలగలా మాట్లాడినవాళ్ళు ఆగిపోవడం నాకు భలే సరదా.

పని చెప్పడం, మీటింగులు

"వీలు చూసుకుని ఒకసారి చూడు" అని మనం అంటాం. అంటే ఇప్పుడా, వచ్చేవారమా? చూడటమంటే చదవడమా, తప్పులు దిద్దడమా? మా ఆటిజం కొలీగ్ ఇవన్నీ అడుగుతాడు. మిగతావాళ్ళు అడగకుండా తోచింది చేసి తర్వాత మళ్ళీ చేస్తారు. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఎలా ఉంటే అయినట్టు, ఈ మూడూ రాసి ఇవ్వడం మొదలుపెట్టాక అందరి పనిలోనూ తిరగదోడడం తగ్గింది. ఏడీహెచ్‌డీ ఉన్నతనికి పెద్ద పనిని ముక్కలు చేసి, మధ్యలో చిన్న గడువులు పెట్టుకోవడం కలిసొచ్చింది. ఆ గడువులు అతనే పెట్టుకుంటాడు, నేను పెట్టను.

వినపడనివాళ్ళు పెదాలు చూసి అంతా గ్రహిస్తారన్నది అపోహ. అద్దం ముందు నిలబడి ప, బ, మ అనండి, పెదాల కదలికలో తేడా ఉండదు. ఇంటర్‌ప్రెటర్‌ని పిలిస్తే ముందురోజే స్లయిడ్లు, పేర్లు పంపండి. మీటింగ్ పొడవైతే ఇద్దరు కావాలి, ఇరవై ముప్పై నిమిషాలకోసారి మారతారు. మాట్లాడేటప్పుడు వినపడని మనిషి వైపు చూడండి, ఇంటర్‌ప్రెటర్ వైపు కాదు. ఆటోమేటిక్ క్యాప్షన్లు పేర్లనూ అంకెలనూ పాడుచేస్తాయి, అందుకే నిర్ణయాలు విడిగా రాయాలి. మాట్లాడే ముందు పేరు చెప్పాలి, ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి. ఈ నియమం మా టీంలో వినపడని ఆమెకీ పనికొస్తుంది, గొంతులు కలిసిపోతే ఎవరో తెలియని నాకూ పనికొస్తుంది.

ఒకరికి కావాల్సింది ఇంకొకరికి అడ్డమైతే

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. వినపడని మా కొలీగ్‌కి మాటకంటే స్క్రీన్‌షాట్ తేలిక, గీతలు గీసి పంపేస్తుంది. నాకది ఒట్టి బొమ్మ. నాకు వాయిస్ మెసేజ్ తేలిక, అది ఆమెకు దేనికీ కొరగాదు. ఇద్దరం టైప్ చేసుకోవడానికి ఒప్పుకున్నాం. స్క్రీన్‌షాట్ పంపాల్సి వస్తే కింద రెండు వాక్యాలు రాస్తుంది.

లైట్ల గొడవ ఇంతకంటే పెద్దది. ట్యూబ్‌లైట్ మినుకుమినుకు ఆటిజం కొలీగ్‌కి భరించలేనిది, ముఖాలు కనపడాలంటే ఆమెకు వెలుతురు కావాలి. అతని సీటు పైన లైటు తీసేసి టేబుల్ లాంప్ ఇచ్చాం. మీటింగ్ గదిలో వెలుతురు ఆమె కోసం అలాగే ఉంటుంది, అతను తన సీటు నుంచే చేరి చాట్‌లో మాట్లాడతాడు. ఏడీహెచ్‌డీ కొలీగ్ ఆలోచించేటప్పుడు పెన్ను టిక్కుటిక్కుమనిపించడం ఆటిజం కొలీగ్‌కి చిరాకు, పెన్ను బదులు మెత్తని రబ్బరు బంతి వచ్చింది. ఇవన్నీ నేను తేల్చినవి కావు. ఎవరికి ఏం కావాలో వాళ్ళ మధ్యే పెడితే వాళ్ళే తేల్చుకున్నారు. మేనేజర్ చెయ్యాల్సింది ఎవరి అవసరాన్నీ 'అలవాటు చేసుకో' అని కొట్టిపారేయకపోవడం.

డబ్బు, దారి, ప్రమాదం

ఏర్పాట్ల ఖర్చు టీం బడ్జెట్‌లోంచి పోతే మేనేజర్ ఆ అభ్యర్థిని వద్దనడానికి ఒక కారణం ఇచ్చినట్టే. కంపెనీ ఉమ్మడి ఖాతా నుంచి పెట్టండి. సముచితమైన ఏర్పాటు నిరాకరించడం కూడా వివక్షేనని 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్యం గల వ్యక్తుల హక్కుల ఒడంబడిక చెప్తుంది, 27వ అధికరణ ప్రత్యేకంగా ఉద్యోగం గురించే.

ర్యాంపు ఉందంటే సరిపోదు. వాలు 1:12 (పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు) మించితే సొంతంగా ఎక్కడం కష్టం. చక్రాల కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటర్ల చోటు కావాలి, టాయిలెట్‌లో కూడా. అక్కడ అట్టపెట్టెలు దాచకండి. అగ్నిప్రమాదంలో లిఫ్ట్ వాడకూడదు కాబట్టి మెట్లు దిగలేనివాళ్ళను ఎవరు, దేనితో దించుతారో ముందే రాసిపెట్టి డ్రిల్‌లో చేసి చూడాలి. వినపడనివాళ్ళకు మెరిసే అలారం ఉండాలి.

తక్కువ పని ఇవ్వకండి

జాలితో తేలిక పని ఇవ్వడం, తప్పు చేసినా చెప్పకపోవడం, రెండేళ్ళ తర్వాత ప్రమోషన్ సమయంలో "అనుభవం చాలదు" అనడం ఈ వరుస ఎన్ని చోట్ల విన్నానో. లక్ష్యం అందరికీ ఒకటే ఉండాలి, అక్కడికి చేరే దారి వేరు కావచ్చు. తప్పుంటే సూటిగా చెప్పండి. అడగకుండా నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళకండి, మీ మోచెయ్యి అందిస్తే నేనే పట్టుకుంటాను. నేను ఆఫీసుకు టైంకి రావడం స్ఫూర్తిదాయకమని కంపెనీ సభలో చెప్పకండి, టైంకి వచ్చినవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు.

ఒప్పుకున్న ఏర్పాట్లన్నీ ఒక పేజీలో రాయండి. ఒక కాపీ ఉద్యోగి దగ్గర ఉండాలి, మేనేజర్ మారితే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోకుండా. మూడు నెలలకోసారి ఆ పేజీ తీసి ఇంకా పనికొస్తున్నాయా అని అడగండి. మందులు మారతాయి, చూపు తగ్గుతుంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి నిన్న పనిచేసిన బటన్‌ని స్క్రీన్ రీడర్ ఇవాళ చదవదు.