ఎండలు ముదరకముందే ఏసీ గ్యాస్ విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో శివరాత్రి దాటిందంటే ఏసీ మెకానిక్‌లకు తీరిక ఉండదు. ఆ హడావిడిలో జరిగే గ్యాస్ ఫిల్లింగ్ విషయంలోనే ఇప్పుడు మునుపటి కన్నా ఎక్కువ జాగ్రత్త అవసరం. పాత ఏసీల్లోని ఆర్-22 ఓజోన్ పొరకు చేటు చేసేదే అయినా అంటుకునేది కాదు. దాని స్థానంలో వచ్చిన ఆర్-32 కొంత మేరకు మండుతుంది. కొన్ని మోడళ్లలో వాడే ఆర్-290, అంటే శుద్ధి చేసిన ప్రొపేన్, ఇట్టే అంటుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చితే భూతాపాన్ని పెంచే శక్తి, ఆర్-22 తర్వాత చాలా ఏసీల్లో వాడిన ఆర్-410ఏకు సుమారు 2,088 రెట్లు, ఆర్-32కు 675 రెట్లు కాగా ఆర్-290కు 3 రెట్లకు మించదు. ఓజోన్ రక్షణకు కుదిరిన మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలి సవరణను 2021లో ఆమోదించిన మన దేశం 2032 నుంచి ఆర్-410ఏ వంటి హైడ్రోఫ్లోరోకార్బన్‌లను దశలవారీగా తగ్గించవలసి ఉంది కనుక, మండే గ్యాస్‌లు మన ఇళ్లలో ఇంకా పెరుగుతాయి.

అందువల్ల పానా పట్టకముందే ఔట్‌డోర్ యూనిట్ మీది స్టిక్కర్ చదవాలి. గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు నింపాలో దాని మీదే ఉంటాయి. మన ఎండలకు అక్షరాలు వెలిసిపోయి ఉంటే మోడల్ నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ కేంద్రాన్ని అడగాలే తప్ప అంచనాతో నింపించరాదు. ఆర్-22 యంత్రంలో ఆర్-32 గానీ ఆర్-290 గానీ పోయించడానికి ఎవరెంత నచ్చజెప్పినా ఒప్పుకోరాదు. ఆర్-32 పీడనం చాలా ఎక్కువ, ఆర్-290కు తగినట్టు నిప్పురవ్వ రాకుండా చేసిన విద్యుత్ భాగాలు పాత యంత్రంలో ఉండవు. వంటగ్యాస్ సిలిండర్‌తో నింపడమైతే శుద్ధ తెగింపు.

ఏసీలో గ్యాస్ వాడకంతో తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. దాన్ని పట్టుకోవడానికి నైట్రోజన్ పీడనం పెట్టి సబ్బు నురగ రాయాలి. ఆక్సిజన్ వాడితే కంప్రెషర్ ఆయిల్‌తో కలిసి పేలవచ్చు. గొట్టం అతికించవలసి వస్తే లోపలి గ్యాస్‌ను పూర్తిగా తీసిన తర్వాతే అతికించే మంట టార్చ్ వెలిగించాలి. ఆ పైన వ్యాక్యూమ్ పంపు పెట్టి, తూకం వేసి నింపాలి.

ఆర్-290 గాలి కన్నా బరువైనది కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది, వంటగ్యాస్‌లా వాసన కలపనిది కాబట్టి ముక్కుకు తెలియదు. పని జరిగేంతసేపూ తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఉంచి, స్టవ్‌తో పాటు దేవుడి గూట్లో దీపం, అగరుబత్తి కూడా ముందుగానే ఆర్పాలి. గ్యాస్ బయటికి వచ్చిందని అనుమానం కలిగితే స్విచ్చులు వేయడం, తీయడం చేయకుండా అందరూ వెంటనే బయటికి రావాలి.

పని ముగిశాక ఇచ్చే బిల్లు మీద గ్యాస్ పేరు, నింపిన గ్రాములు రాయించుకోవాలి.