నిమ్మ, నారింజ సువాసనతో షార్ట్‌బ్రెడ్ కుకీలు ఎలా చేయాలి?

షార్ట్‌బ్రెడ్‌కు పుట్టిల్లు స్కాట్లాండ్. పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, పిండి మూడు వంతులు అన్నది దాని సంప్రదాయ కొలత. ఈ వంతులన్నీ తూకంలోనివే కాని గిన్నె కొలతలు కావు. ఇందులో గుడ్డు ఉండదు, పాలు ఉండవు, పొంగించడానికి బేకింగ్ పౌడర్ కూడా ఉండదు. ఉన్నవి మూడే పదార్థాలు కనుక ఏ ఒక్కదానిలో తేడా వచ్చినా కొరికిన వెంటనే తెలిసిపోతుంది. అదే కారణంగా, దీనికి చేర్చే పరిమళం ఎంత మంచిదైతే కుకీ అంత బాగుంటుంది. నిమ్మ, నారింజ తొక్కల వాసన వెన్న రుచికి చక్కగా అమరుతుంది. వెన్న కమ్మదనం నోటిని కప్పేసే సమయానికి ఆ తొక్కల ఘాటు వచ్చి దాన్ని తేలిక చేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. ఈ కుకీకి కావలసిన పరిమళం పండు రసంలో లేదు, తొక్కలో ఉంది. తొక్క పైపొరలో కంటికి చుక్కల్లా కనిపించే సన్నని తిత్తుల నిండా సువాసన నూనె ఉంటుంది. నారింజ తొక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మడిచి నొక్కితే సన్నని తుంపర చిమ్ముతుంది. ఆ తుంపరే మనకు కావలసింది. రసం మాటకొస్తే అందులో పదింట తొమ్మిది వంతులు నీరే. మొదటిసారి ఈ కుకీలు చేసినప్పుడు, పులుపు బాగా తెలియాలన్న ఆశతో నేను పిండిలో మూడు చెంచాల నిమ్మరసం పోశాను. ముద్ద చేతికి చక్కగా అమరింది, కుకీలు చూపుకు బాగానే వచ్చాయి. తీరా కొరికితే గట్టిగా ఉన్నాయి, నిమ్మ వాసన దాదాపు లేదు.

గట్టిపడడానికి కారణం నీరే. మైదాలోని మాంసకృత్తులు నీటితో కలిసి, చేతి ఒత్తిడికి గ్లూటెన్ అనే సాగే పోగులుగా మారతాయి. రొట్టెకు అవి కావాలి, షార్ట్‌బ్రెడ్‌కు అక్కర్లేదు. వెన్నలోని కొవ్వు పిండి రేణువులకు పూతలా పట్టుకుని వాటికి నీరు తగలకుండా అడ్డుపడుతుంది కాబట్టి పోగులు పొడవుగా సాగవు, కుకీ గుల్లగా విరుగుతుంది. పేరులోని ‘షార్ట్’ అన్న మాటకు కూడా ఇక్కడ అర్థం పొట్టి అని కాదు, గుల్లగా విరిగేది అని. అందుకని పిండిలో రసం వేయకండి. దాని సంగతి చివర్లో, పైపూత దగ్గర చూద్దాం.

కావలసినవి

సుమారు 24 కుకీలకు ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, సన్న పంచదార 100 గ్రాములు, మైదా 270 గ్రాములు, బియ్యప్పిండి 30 గ్రాములు, పావు చెంచా ఉప్పు, ఒక నారింజ తొక్క తురుము, రెండు నిమ్మకాయల తొక్క తురుము కావాలి. తురుమంతా కలిపి రెండు టేబుల్‌స్పూన్ల వరకు వస్తే చాలు. ఉప్పు వేసిన వెన్నే దొరికితే విడిగా ఉప్పు వేయనక్కర్లేదు. బియ్యప్పిండిలో గ్లూటెన్ ఉండదు కనుక, ఆ కొద్దిపాటి కలపడంతోనే కుకీకి సన్నని ఇసుక పలుకు లాంటి గుల్లదనం వస్తుంది. దాని బదులు అంతే తూకంలో కార్న్‌ఫ్లోర్ వేస్తే పలుకు తగ్గి మెత్తగా కరిగే గుణం పెరుగుతుంది. నాకు బియ్యప్పిండి వేసినదే ఎక్కువ ఇష్టం.

వీలైతే అన్నిటినీ తూచి తీసుకోండి. ఒకే కప్పుతో కొలిచినా, పిండిని అదిమి నింపితే ఒక బరువు, వదులుగా పోస్తే మరో బరువు తూగుతుంది. కప్పుకు ఇరవై ముప్పై గ్రాముల తేడా సులభంగా వచ్చేస్తుంది. పిండి ఎక్కువైతే ముద్ద పొడిపొడిగా విడిపోతుంది, తక్కువైతే కుకీలు ట్రేలో పరచుకుపోతాయి.

తొక్క తురమడం, పంచదారతో నలపడం

పండ్లు మెరుస్తూ ఉండడానికి వాటికి మైనం పూత వేసే అలవాటుంది. కాబట్టి గోరువెచ్చని నీళ్లలో, మెత్తని బ్రష్‌తో గాని గరుకు గుడ్డతో గాని రుద్ది కడిగి, తడి లేకుండా తుడవండి. తడి తొక్క తురుము పీటకు అంటుకుపోతుంది. ఆ తరువాత సన్నని రంధ్రాల తురుము పీటతో రంగున్న పైపొరను మాత్రమే తీయాలి. కింద తెల్లపొర కనిపించగానే ఆపేసి పండును పక్కకు తిప్పండి. ఒకే చోట రెండోసారి గీసినా తెల్లపొర వచ్చేస్తుంది, దాని చేదు ఓవెన్‌లో పోదు. ఒకవేళ కొంచెం తురుము తక్కువగా వచ్చినా నష్టం లేదు, చేదు వస్తే మాత్రం దిద్దుకోవడం కుదరదు. ఇంకొక మాట: తురమడం ముందు, పండు కోసి రసం పిండడం తరువాత. కోసిన పండును తురమబోతే చేతిలో నిలవదు.

ఇక్కడి నుంచి కాస్త నెమ్మదిగా చేయవలసిన పని. వెడల్పాటి గిన్నెలో పంచదార పోసి, దాని మీదే తురుము రాల్చి, వేళ్ల కొసలతో రెండు మూడు నిమిషాలు నలపండి. పంచదార పలుకుల రాపిడికి తొక్కలో మిగిలిన నూనె తిత్తులు చితికి, నూనె పంచదారకు పడుతుంది. మొదట తెల్లగా, పొడిగా జారిపోయే పంచదార కాసేపటికి లేత పసుపు రంగు తిరుగుతుంది, తడి ఇసుకలాగా వేళ్లకు అంటుకుంటుంది, పిడికిట్లో నొక్కితే ఒక్క క్షణం ఆకారం నిలుపుకుని విడిపోతుంది. గిన్నె మీదికి వంగకుండానే వాసన ముఖానికి తగులుతుంది. అప్పుడు నలపడం ఆపవచ్చు. తురుమును నేరుగా పిండిలో కలిపినా కుకీకి వాసన వస్తుంది గాని, కొరికిన చోట ఉంటుంది, కొరకని చోట ఉండదు. నలిపితే ప్రతి ముక్కలోనూ ఒకేలా ఉంటుంది.

పంచదార పలుకు లావుగా ఉంటే ముందే మిక్సీలో రెండు మూడు సెకన్లు తిప్పి సన్నం చేసుకోండి. పూర్తిగా పొడి చేస్తే రాపిడి ఉండదు కాబట్టి నలిపినా అంత ఫలితం రాదు.

ముద్ద కలపడం

వెన్నను ఫ్రిజ్ నుంచి ముందే తీసి పెట్టుకోండి. వేలితో నొక్కితే సొట్ట పడాలి గాని వేలికి జిడ్డు మెరుపు అంటకూడదు. అది దాదాపు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. కరిగించిన వెన్న పనికిరాదు. త్వరగా మెత్తబడాలని పొయ్యి దగ్గర పెడితే అంచులు కరిగి మధ్యలో గడ్డ మిగులుతుంది. అంతకంటే చిన్న ముక్కలుగా కోసి పళ్లెంలో పరిస్తే పావుగంటలో దారికొస్తుంది.

నలిపిన పంచదారలో ఆ వెన్న, ఉప్పు వేసి, చెక్క గరిటెతో ఒక నిమిషం పాటు ఒకటిగా కలిసేదాకా కలపండి. కేకుకు గిలక్కొట్టినట్టు తెల్లగా నురగ తేలేదాకా కొట్టకూడదు. అలా కొడితే లోపల చేరిన గాలి ఓవెన్‌లో వ్యాకోచించి కుకీని ఉబ్బిస్తుంది, అంచులు పరచుకుపోతాయి. తరువాత మైదా, బియ్యప్పిండి కలిపి జల్లించి రెండు విడతలుగా వేస్తూ, గరిటెతో కిందికి పైకి తిప్పండి. పొడి పిండి కనబడకుండా పోయి, మొత్తం రవ్వలా ముద్దకట్టబోతూ ఉన్నప్పుడు గరిటె పక్కన పెట్టి చేత్తో కూడగట్టండి. పిసకవద్దు, దగ్గరకు అదిమితే చాలు. కాస్త తీసుకుని పిడికిట్లో నొక్కినప్పుడు విడిపోకుండా నిలిస్తే ముద్ద తయారైనట్టే. ఇంకా పొడిగా అనిపిస్తే నీళ్లు గాని పాలు గాని చిలకరించకండి, మరో నిమిషం అదుముతూ ఉంటే అరచేతి వెచ్చదనానికి వెన్న మెత్తబడి అదే కలిసివస్తుంది.

చల్లబరచడం, కోయడం

ముద్దను రెండు భాగాలు చేసి, ఒక్కొక్కదాన్ని బేకింగ్ పేపర్‌లో పెట్టి దొర్లిస్తూ సుమారు 5 సెంటీమీటర్ల మందంగల కడ్డీలా చుట్టండి. పొడవు 12, 13 సెంటీమీటర్లు వస్తుంది. లోపల గాలి సందులు మిగిలితే కోసినప్పుడు బిళ్ల మధ్యలో చిల్లు కనిపిస్తుంది కనుక కొసల నుంచి లోపలికి నొక్కుతూ చుట్టాలి. ఫ్రిజ్‌లో కనీసం గంటసేపు ఉంచండి. ఈ గంటను తగ్గించాలని చాలామందికి అనిపిస్తుంది, కానీ వెన్న గట్టిపడకుండా ఓవెన్‌లోకి వెళ్తే పిండి నిలదొక్కుకోకముందే వెన్న కరిగి కుకీ ఆకారం పోతుంది.

గట్టిపడిన కడ్డీని పదునైన కత్తితో ఒక సెంటీమీటరు మందాన బిళ్లలుగా కోయండి. నాలుగైదు బిళ్లలకోసారి కడ్డీని కొంచెం దొర్లిస్తే ఒకవైపే అణిగిపోకుండా గుండ్రంగా వస్తాయి. అంచులు పగులుతుంటే మరీ చల్లగా ఉందని అర్థం, ఐదు నిమిషాలు బయట ఉంచి కోయండి. బేకింగ్ పేపర్ పరిచిన ట్రేలో బిళ్లకూ బిళ్లకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలి పేర్చి, ఒక్కొక్కదాని మీద ఫోర్కుతో రెండు మూడు చోట్ల గుచ్చండి. ఆ రంధ్రాల గుండా ఆవిరి బయటికి పోయి కుకీ సమతలంగా ఉంటుంది.

ఓవెన్‌లో

ఓవెన్‌ను 160 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి, బిళ్లలు కోసే ముందే, కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. లోపల ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 145 చాలు. ట్రేను మధ్య అరలో పెట్టి 18 నుంచి 22 నిమిషాలు కాల్చాలి. చిన్న ఓవెన్లలో ఒక మూల ఎక్కువ వేడి ఉంటుంది కనుక సగం సమయం గడిచాక ట్రేను ముందుభాగం వెనక్కి వచ్చేలా తిప్పండి. అంచులు లేత బంగారు రంగుకు రావాలి, పైభాగం తెల్లబారినట్టే ఉండాలి. మామూలు షార్ట్‌బ్రెడ్‌ను ఇంకాస్త ఎర్రగా కాల్చేవాళ్లున్నారు, అది తప్పు కాదు. కానీ బాగా ఎర్రబడిన వెన్న, పంచదారల కమ్మటి వాసన ముందు నిమ్మ వాసన నిలవదు. మనం ఇంత నలిపి రాబట్టుకున్నది దానికి పోగొట్టుకోకూడదని నా అభిప్రాయం.

బయటికి తీసినప్పుడు కుకీలు మెత్తగా ఉంటాయి, కాలలేదేమోనన్న అనుమానం తప్పకుండా వస్తుంది. వేడి మీద వెన్న ఇంకా ద్రవంగానే ఉంటుంది, చల్లారుతున్నకొద్దీ అది గట్టిపడి కుకీకి గుల్లదనం వస్తుంది. పది నిమిషాలు ట్రేలోనే కదపకుండా ఉంచి, ఆ తరువాత జాలీ మీదికి మార్చండి. పూర్తిగా చల్లారాక ఒకటి విరిచి చూడండి. మధ్యలో పచ్చి పిండిలా, తడిగా కనబడితే 150 డిగ్రీల దగ్గర మరో ఐదు నిమిషాలు ఉంచవచ్చు.

బిళ్లలుగా కోసే ఓపిక లేనప్పుడు ముద్దనంతా 20 సెంటీమీటర్ల చదరపు పళ్లెంలో సమంగా అదిమి, అరగంట చల్లబరచి, అంతటా ఫోర్కుతో గుచ్చి, 150 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు కాల్చండి. బయటికి తీసిన వెంటనే వేడి మీదే ముక్కలుగా కోయాలి. చల్లారాక కోయబోతే కత్తి చెప్పినట్టు వినదు, ఎక్కడపడితే అక్కడ విరుగుతుంది.

రసంతో పైపూత

ఇందాక పక్కన పెట్టిన నిమ్మరసానికి ఇప్పుడు పని పడింది. పంచదార పొడి 100 గ్రాములు తీసుకుని, మూడు చెంచాల రసం పోసి ఉండలు లేకుండా కలపండి. చెంచా ఎత్తితే ధార తెగకుండా నెమ్మదిగా జారాలి. మరీ చిక్కగా ఉంటే ఇంకో అర చెంచా రసం చాలు, ఒక్కసారిగా పోస్తే నీళ్లగా మారిపోతుంది. పూర్తిగా చల్లారిన కుకీల మీద మాత్రమే దీన్ని పూయాలి. గోరువెచ్చగా ఉన్నా పూత కరిగి లోపలికి ఇంకిపోతుంది. గంటలోపు గట్టిపడి, పళ్ల కింద సన్నగా చిట్లే తెల్లటి పొర అవుతుంది. పిండిలో వేస్తే కుకీని చెడగొట్టే అదే రసం ఇక్కడ నాలుకకు ముందు తగిలే పులుపుగా నిలుస్తుంది.

పూత వేయని కుకీలు గాలి చొరని డబ్బాలో వారం రోజులు గుల్లదనం పోకుండా ఉంటాయి. పూత వేసినవైతే మూడు నాలుగు రోజుల్లో తినేయడం మంచిది. కాల్చని కడ్డీని పేపర్‌లో, దానిపై మరో కవర్‌లో గట్టిగా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే రెండు నెలల వరకు వాడుకోవచ్చు. కావలసినప్పుడు తీసి, కత్తి దిగేటంత మెత్తబడేదాకా పది నిమిషాలు ఉంచి బిళ్లలు కోసి, మామూలు కన్నా రెండు మూడు నిమిషాలు ఎక్కువ కాల్చండి.