గోడ చెమ్మ ఎక్కడిదో చెప్పే పాలిథిన్ ముక్క

నాయనమ్మ ఉబ్బసంతో పోయాక ఆమె గది సర్దుతుంటే, మంచం తలాపున గోడంతా నల్లటి బూజు మచ్చలు. ఏటా రంగు వేయించాం, చెమ్మ ఎటునుంచి వస్తోందో మాత్రం ఎవరమూ చూడలేదు.

ఇప్పుడు రంగుకు ముందు ఇలా చూస్తున్నాను. గోడను పొడిగుడ్డతో తుడిచి, అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించాలి. 48 గంటలు కదపకూడదు. నీటి చుక్కలు గోడవైపు కనిపిస్తే చెమ్మ గోడలోదే. రంగు దండగ, కారే పైపో పగులో ముందు వెతకాలి. గదివైపు కనిపిస్తే గాలి ఆడటం లేదన్నమాట. మంచాన్ని, బీరువాను గోడకు బెత్తెడు ఎడంగా జరిపి, కిటికీలు తెరవాలి.

బాగా ఎండలు కాసే రోజుల్లో చేస్తే రెండు వైపులా పొడిగానే ఉండి మోసం చేస్తుంది.